డాక్టరమ్మగారి కూతురి గౌను

వీధి చివర రేకుల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే ఆవిణ్ని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్నీ ఆ బల్లని నమ్ముకునే పెంచుతోంది. ఆమెకున్న జబ్బల్లా ఒకటే, నలుగురిలో తీసికట్టుగా కనిపించాలంటే తల కొట్టేసినట్టుంటుంది. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా పిల్లల జడలు మాత్రం నున్నగా ఉండాల్సిందే.

పేద పిల్లలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం కోసం, వాళ్ళ తరఫున పోరాడే సంఘం మేడమ్ ఆమె చేత అర్జీ పెట్టించింది. అది వస్తే మానేసిన బడికి పెద్దది మళ్ళీ వెళ్తుంది, చిన్నదానికి పాలు దొరుకుతాయి.

"ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తాడు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ అక్కా," అని మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

చెబితే వినే రకమా! ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే, ఇస్త్రీకొచ్చిన మూటలోంచి డాక్టరమ్మగారి కూతురి గౌను తీసి చిన్నదానికి తొడిగింది. పెద్దదానికి ఇంకో ఇంటివాళ్ళ బట్టలు. ఆయన వెళ్ళగానే విప్పి మళ్ళీ ఇస్త్రీ చేసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

ఆఫీసరు గడపలోనే నిలబడి, చిన్నదాని బుగ్గ గిల్లి, "పిల్లల్ని బాగా పెంచుతున్నావమ్మా," అన్నాడు. పిచ్చిది, పొంగిపోయింది. వారం తిరక్కుండా అర్జీ కొట్టేశారు. ఆ ఇంట్లో పిల్లలకు ఏ లోటూ లేదట! బియ్యం డబ్బా మూత తీసి చూసిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు.

ఇలా పైపైన చూసి పేదరికం తేల్చే పద్ధతే మార్చాలని మేడమ్ ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతోంది. చివరికి సర్కారు పెద్దల ముందు బహిరంగ విచారణ పెట్టించి, ఇస్త్రీ అక్కను తీసుకెళ్ళి నిలబెట్టింది.

"ఆ రోజు పిల్లలు వేసుకున్న బట్టలు ఎక్కడివక్కా? ఆ ఒక్క మాట చెప్పు, మిగతాది నేను చూసుకుంటా."

ఇస్త్రీ అక్క తలెత్తి చూసింది. ముందు వరసలో డాక్టరమ్మగారు. పిల్లల నీరసం గురించి మాట్లాడటానికి వచ్చారు, పాపం, ధైర్యంగా చెప్పమన్నట్టు నవ్వారు కూడా. నిజం చెబితే రేపటి నుంచి ఆ బల్ల మీద ఒక్క చొక్కా పడదు. చెప్పకపోతే సాయం లేదు.

"మావేనండీ. నేనే కొన్నాను."

మేడమ్ తల దించుకుంది. పెద్దలకు చీమ కుట్టినట్టు కూడా లేదు, ఇంకొకర్ని పిలిచారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మగారింటి మూట వచ్చింది. విప్పితే పైనే అదే గౌను. ఇస్త్రీ అక్క కళ్ళు తుడుచుకుని, కుచ్చు కుచ్చూ సరిచేస్తూ పెట్టె నడిపింది. చిన్నది బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది.

"అమ్మా, ఆఫీసరు మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"ఎందుకే?"

"గౌను వేసుకోవచ్చుగా."