దక్షిణామూర్తి, కాంటనీస్ సినిమా, పప్పుగిన్నె

కెనడాలో, బర్నబీలోని ఆ అపార్ట్‌మెంట్లో దక్షిణామూర్తి అంటే తెలియనివారు లేరు. డెబ్బై రెండేళ్ల రిటైర్డ్ సివిల్ ఇంజనీరు. లిఫ్టు ఎక్కితే దాని లోపాలు చెప్తాడు, దిగితే మేనేజరు లోపాలు చెప్తాడు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కింది హాల్లో హాంకాంగ్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు కాంటనీస్ సినిమా వేసుకుంటారు. నాలుగో అంతస్తులో ఉండే లామ్ అనే రిటైరైన బస్సు డ్రైవరు ఒకసారి మొహమాటానికి పిలిచాడు. అంతే, అప్పట్నుంచి ముందు వరుస కుర్చీ దక్షిణామూర్తిదే. తెర మీద ఇంగ్లీషులో మాటలు పడతాయి కాబట్టి కథ అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఆ సినిమాలు తీసినవాళ్ల బుద్ధి. ఇరుకు ఫ్లాటు, నూడిల్స్ కొట్టు, అద్దె పెంచే యజమాని, మాటల్లేని తండ్రీకూతుళ్లు. రెండు గంటలైనా ఎవడూ ఎవడి చెంపా పగలగొట్టడు. పాట లేదు, ఇంటర్వెల్ లేదు. "ఇదీ ఒక సినిమాయేనా!" అని సణుక్కుంటూనే వారం తప్పకుండా దిగేవాడు.

దిగక ఏం చేస్తాడు? భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు హర్షిణి అరగంట దూరంలోనే ఉన్నా, ఏడాదిగా గడప తొక్కలేదు. కారణం పప్పుగిన్నె. కిందటేడు భోజనానికి వచ్చిన అల్లుడు తారక్, కెనడాలోనే వాటర్లూలో పుట్టి పెరిగినవాడు, తను తింటున్న స్పూనుతోనే గిన్నెలోంచి పప్పు తీసుకున్నాడు. మామగారు "ఎంగిలి!" అని లేచి, గిన్నెడు పప్పూ అందరూ చూస్తుండగా సింకులో పారబోశాడు.

"సే సారీ టు హిమ్, నాన్నా. అప్పటిదాకా నేను రాను," అని హర్షిణి మొగుణ్ని తీసుకుని వెళ్లిపోయింది. సారీయా? అల్లుడికా? ఆ మాట ఆయన పెళ్లానికే ఎన్నడూ చెప్పిన పాపాన పోలేదు. లామ్ దగ్గర కూడా ఈ సంగతే చెప్పి వాపోయేవాడు.

ఒక శుక్రవారం సినిమాలో ముసలి తండ్రి, తను తింటున్న చాప్‌స్టిక్స్‌తోనే చేపముక్క తీసి, అలిగిన కూతురి గిన్నెలో వేశాడు. హాలంతా ముక్కులు చీదుతోంది.

"ఎంగిలి!" అని అరిచాడు దక్షిణామూర్తి.

పది తలలు ఆయన వైపు తిరిగాయి. లామ్ బొమ్మ ఆపాడు. ఇద్దరూ ఎవరి యాస ఇంగ్లీషులో వాళ్లు తగువులాడుకున్నారు.

"ఏమిటయ్యా నీ గోల?"

"నోరు తెరిచి సారీ చెప్పడానికేం? తను తిన్న పుల్లలతో పిల్లకి ఎంగిలి పెడతాడా?"

"అదే సారీ," అన్నాడు లామ్. "మా నాన్న చచ్చేదాకా నాకు ఆ మాట చెప్పలేదు. చేపముక్కలు మాత్రం బోలెడు వేశాడు. నువ్వేం వేశావు మీ అమ్మాయికి?"

దక్షిణామూర్తి తెరవైపు తిరిగాడు. ఏం వేశాడు, సింకులో పప్పు వేశాడు. మిగతా సినిమా అంతా మసకగా కనిపించింది. తప్పు కళ్లజోడుదేనని పదేపదే తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు కూతురికి ఫోన్ చేసి, "ఆదివారం అల్లుణ్ని తీసుకుని భోజనానికి రావే," అన్నాడు.

"విల్ యూ సే ఇట్?"

"ముందు రా అమ్మా."

వచ్చారు. ఈసారి తారక్ ఏ గిన్నె జోలికీ పోలేదు. హర్షిణి వడ్డించిందే తింటూ, పరీక్షకు వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. అది చూసి దక్షిణామూర్తికి నిజంగా సిగ్గేసింది. సారీ గొంతుదాకా వచ్చింది, వెనక్కి పోయింది. ఇంకోసారి వచ్చింది, మళ్లీ పోయింది. ఇక దాన్ని నమ్ముకుని లాభం లేదనుకుని చెయ్యి చాచాడు. తారక్ కొరికి పెట్టిన గుత్తివంకాయను అల్లుడి కంచంలోంచి తీసి తన నోట్లో వేసుకున్నాడు. పైనున్న తాతముత్తాతలు ఏమైపోయారో వాళ్లకే తెలియాలి.

"నాన్నా! దట్స్ హిజ్..." హర్షిణికి మాట పూర్తి కాలేదు. కళ్లు నిండిపోయాయి.

"తెలుసులేవే," అన్నాడు ఆయన నములుతూ.

తారక్ తన కంచాన్ని మామగారి వైపు ఇంకొంచెం జరిపాడు.