అచ్చులో లేని మాట

కాజీపేట స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూముకు ఆయా ఖతీజాబీ. గ్యాంగ్‌మన్‌గా చేసిన భర్త నయీముద్దీన్ జ్వరంతో పోయాక ఆ ఉద్యోగం ఆమెకొచ్చింది. తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేవాళ్ల మొహాలకన్నా ముందు చేతులు చూసేది. తల్లి అయితే పిల్ల వేలు పట్టుకుంటుంది, పరాయిదయితే మణికట్టు బిగిస్తుంది అని ఆమె లెక్క. చిన్నప్పుడు దర్గా దగ్గర ఉర్సు జాతరలో తన చెల్లెల్ని ఎవరో ఆడమనిషి అలాగే మణికట్టు పట్టుకుని తీసుకుపోవడం కళ్లారా చూసింది. "మీ అమ్మ రమ్మన్నది" అంటే నమ్మి ఊరుకుంది. చెల్లెలు మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి ఖతీజాబీ ఎవరినీ ఒక పట్టాన నమ్మలేదు.

ఆ లెక్క ఒకసారి తప్పింది కూడా. డెబ్బయ్యారులో, ఏడుస్తున్న పిల్లను లాక్కుపోతున్న ఒకావిణ్ని అడ్డుకుని పోలీసును పిలిచింది. తీరా ఆవిడ కన్నతల్లే. అందరి ముందూ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. "ఇంకోసారి ఇట్లయితే నౌకరీ ఉండదు" అని పైవాళ్లు గట్టిగానే చెప్పారు.

ఆమెకు చదువు రాదు. ఎవరో ప్రయాణికులు మరిచిపోయిన అట్టలేని బొమ్మల పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని, బండికోసం కూర్చున్న పిల్లలతో చదివించుకునేది. అందులో పులి కథంటే ప్రాణం. తల్లి కట్టెలకు పోతుంది. పులి వచ్చి తల్లి గొంతుతో తలుపు తియ్యమంటుంది. పిల్లలు గొంతులో తేడా పట్టేసి తలుపు తియ్యరు. వినీ వినీ ఏ మాట దగ్గర పేజీ తిరుగుతుందో కూడా ఆమెకు తెలిసిపోయింది. కొందరు తల్లులు విసుక్కునేవాళ్లు.

"గిసొంటి కథలు చెప్పి పిల్లలను బెదిరియ్యకు బీబీ!"

"పులి ఉన్నదని తెలుస్తేనే గదమ్మా, తలుపేసుకునేది" అనేది ఖతీజాబీ.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. మధ్యాహ్నం ఎర్రంచు చీర కట్టుకున్న ఒకావిడ ఇద్దరు పిల్లలతో లోపలికొచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి, పిల్లాడికి నాలుగు. ఆవిడ పట్టు పిల్లాడి మణికట్టు మీద ఉంది.

"ఏడికమ్మా?" అంది ఖతీజాబీ.

"బల్లార్షా పోతానం. మా అక్క పిల్లలు. అక్క దవాఖానల ఉన్నది, నా దగ్గర ఉంచుకుందామని తోల్కపోతాన."

మాట తడబడలేదు. అదే ఖతీజాబీకి నచ్చలేదు. అడగకుండానే ఇంత వివరం ఎందుకు? అంతలో పిల్లాడు దాహమని చిన్నమ్మను అడగలేదు, అక్క చెవిలో చెప్పాడు. ఖతీజాబీ లేవబోయి ఆగింది. డెబ్బయ్యారులో జోడించిన చేతులు గుర్తొచ్చాయి. పిల్లాడికి నీళ్లిచ్చి, పుస్తకం తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"చదువొచ్చునా బిడ్డా? పేరేంది?"

"వరలక్ష్మి. మూడో తరగతి."

"జర ఈ కథ చదివి చెప్పు. నాకు కండ్లు కనవడయి."

ఆవిడ ఒకసారి ఇటు చూసి, కథే కదా అనుకుందేమో, ఎదుటి బల్ల మీది ఆమెతో బండి ఆలస్యం గురించి మాటల్లో పడింది. వరలక్ష్మి అక్షరాల కింద వేలు పెట్టి బడిపాఠంలా చదవసాగింది. తల్లి కట్టెలకు పోయింది. పులి వచ్చింది. అక్కడ పిల్ల ఆగింది. వేలు కదులుతూనే ఉంది గానీ గొంతు సన్నబడింది.

"'మీ తాత దవాఖానల పడ్డడు, మిమ్ముల తోల్కరమ్మన్నడు' అని పులి చెప్పెను. పిల్లలు పులి వెంట రైలెక్కిరి. 'నోరు తెరిస్తే నీ తమ్ముణ్ని కిందికి నూకేస్త' అని పులి చెప్పెను."

ఖతీజాబీ పేజీ మీదికి వంగింది. ఆ పుస్తకంలో రైలు లేదు. తాత లేడు. ఆ పిల్లలు తలుపే తియ్యలేదు. కానీ పిల్ల తనకు తోచింది కల్పించి చదువుతోందేమో! చదువురాని తనను ఆట పట్టిస్తోందేమో! నమ్మితే ఒక భయం, నమ్మకపోతే ఇంకో భయం.

"ఆ పిల్లలది ఏ ఊరని రాసుంది బిడ్డా?" అంది మెల్లగా.

వరలక్ష్మి తలెత్తలేదు. "డోర్నకల్. తాత పేరు రాజమల్లు. స్టేషన్ కాడ సైకిళ్లు బాగుచేసును."

ఖతీజాబీ కుండలో నీళ్లు తెస్తానంటూ బయటికొచ్చింది. ఎదురుపడ్డ కూలీ యాకయ్యను తలుపు దగ్గర నిలబెట్టి, కానిస్టేబుల్ సారంగపాణి దగ్గరికి పరుగెత్తింది.

"మల్ల మొదలువెట్టినవా బీబీ?" అన్నాడాయన.

"ఈసారి తప్పయితే నా నౌకరీ పోనీ. డోర్నకల్‌కు ఫోన్ చేపియ్యి సారూ, రాజమల్లని అడుగు."

జవాబు రాకముందే బండి గంట కొట్టారు. ఎర్రంచు చీర ఆవిడ పిల్లల్ని లాక్కుని బయల్దేరింది. యాకయ్య గుమ్మానికి అడ్డంగా పెట్టె దించి కదల్లేదు. సారంగపాణి వచ్చి, మీ అక్క ఏ దవాఖానలో ఉందని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపల పిల్లాడే అన్నాడు:

"మా అమ్మ సచ్చిపోయింది."

కాసేపటికి డోర్నకల్ నుంచి కబురొచ్చింది. పొద్దుటినుంచి ఒక ముసలాయన మనవల కోసం ప్లాట్‌ఫారమంతా వెతుకుతున్నాడట.

పోలీసులు తీసుకుపోతుంటే ఎర్రంచు చీర ఆవిడ ఖతీజాబీ ముందు ఆగింది. "నాకు సుత ఇద్దరు పిల్లలున్నరు బీబీ" అంది. ఆ మాట నిజమో, చివరి అబద్ధమో ఖతీజాబీ ఎనభై ఆరులో రిటైరయ్యేదాకా తేల్చుకోలేకపోయింది.

"పుస్తకంల లేంది ఎట్ల చదివినవే?" అని పిల్లను అడిగింది.

"పులి గూడ గట్లనే అబద్ధమాడింది గదవ్వా. గందుకే" అంది వరలక్ష్మి.

సాయంత్రం బండికి రాజమల్లు వచ్చాడు. చొక్కా నిండా గ్రీజు, కాళ్లకు చెప్పుల్లేవు. పిల్లలు పరుగెత్తుకెళ్లి ఆయన్ను చుట్టేసుకున్నారు. ఖతీజాబీ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"నువ్వే తాతవని ఎట్ల నమ్మాలె?"

సారంగపాణి పకపకా నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. పిల్లాడి అంగీ పైకెత్తి, వీపు మీది కాలిన మచ్చ చూపించాడు. "రెండేండ్లప్పుడు వేడి నీళ్లు పడ్డయమ్మా. నేనే మీద గుమ్మరించుకున్నట్టు ఏడ్సిన."

ఆమె మచ్చను తడిమి చూసి పక్కకు జరిగింది. అయినా వాళ్ల వెనకే ప్లాట్‌ఫారం దాకా నడిచి, బండి కదిలేవరకూ ఆ ముసలాయన చేతులవైపే చూస్తూ నిలబడింది.