కుట్టు లేని గొర్రెలు

ఆ రోజుల్లో మా ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు. ఇప్పుడున్నాడని కాదు. డెబ్బైల్లో నాకు జరిగిన అన్యాయాన్ని ప్రతి క్రిస్మస్‌కీ భోజనాల దగ్గర ఎత్తుతూనే ఉన్నాను. ఎత్తగానే మా అక్క "ముందు కూర వేసుకోరా, చల్లారిపోతోంది" అంటుంది. మా బావ విననట్టు అరిసె విరుచుకుంటాడు. అందుకని ఇక మీరే వినాలి.

అప్పుడు నేను వన్ టౌన్‌లో ఒక రేడియోల కొట్లో గుమాస్తాని. రేడియోల పెట్టెల్లో తెల్లటి థర్మాకోల్ అట్టలు వచ్చేవి. పక్కనున్న దర్జీ కొట్టు ముందు రంగురంగుల పేలికలు పడి ఉండేవి. అట్ట మీద బొమ్మ గీసి, గీత వెంట బ్లేడుతో గాటు పెట్టి, పేలిక అంచును చెంచా కాడతో ఆ గాట్లోకి దోపితే, సూదీ దారం లేకుండానే రంగుల బొంతలాంటి బొమ్మ తయారవుతుందని కనిపెట్టాను. (నాకిది ఎవరూ నేర్పలేదు. నేర్పారని మా బావ చెబితే నమ్మకండి.)

ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చి వేదిక వెనక కట్టడానికి గొర్రెలకాపరి బొమ్మ చేస్తానని అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, మాటిచ్చాను. అప్పటిదాకా చర్చిలో నా పని బెంచీలు మోయడమే. ఒక్కసారైనా జనం ముందు అయ్యగారి నోట నా పేరు వినాలని నా ఆశ. కాపరికి నీలం పరికిణీ ముక్క, గడ్డికి ఆకుపచ్చ జాకెట్టు ముక్కలు, గొర్రెలకు తెల్ల పాప్లిన్. అన్నిటికంటే ముందు ఒక బుల్లి గొర్రెపిల్ల. అది నా ప్రాణం.

మా బావ ఆటోనగర్‌లో లారీల సీట్లు కుట్టేవాడు. కుట్టు పడనిదేదీ నిలవదని ఆయన నమ్మకం.

"కుట్టు లేదు, మేకు లేదు. అయ్యగారు గట్టిగా తుమ్మితే నీ గొర్రెలన్నీ పారిపోతాయి బావమరిదీ!"

"ఇది లారీ సీటు కాదు బావగారూ, కళ."

"కళైతే మటుకు ఊడిపోదేవిటయ్యా?"

పండగ పొద్దున నేను స్నానం చేసి వచ్చేలోగా, ఆయన నా మీద ప్రేమ కొద్దీ రెక్సిన్ అంటించే సొల్యూషన్ డబ్బా తెచ్చి గొర్రెపిల్ల చుట్టూ దట్టంగా పూశాడు. రెక్సిన్‌ని జన్మంతా పట్టి ఉంచే ఆ సొల్యూషన్ థర్మాకోల్‌ని మాత్రం తినేస్తుందని మా ఇద్దరికీ తెలియదు. వచ్చి చూస్తే గొర్రెపిల్ల లేదు. పాప్లిన్ ముక్క నేల మీద ఉంది. అట్టలో పెద్ద కంత, ఆ కంతలోంచి మా బావ మొహం.

"ఒక్కదానికే రాశాన్లేవయ్యా," అన్నాడు ఓదార్పుగా.

ఆరాధనకి వేళ మించిపోతోంది. కంతతోనే కట్టేశాం. నేను ఆఖరి బెంచీలో తల దించుకుని కూర్చున్నాను. అయ్యగారు బొమ్మవంక చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"తప్పిపోయిన గొర్రె!" అన్నారు గద్గదంగా. "మందంతా ఉంది, ఒక్కటి లేదు. దాని చోటు మాత్రం అలాగే ఉంది. ఇంత లోతైన ఆలోచన ఎవరిదండీ?"

నేను లేవబోయాను. లేచి ఏమనాలి? కంత నాది కాదు కదా! ఈలోగా ముందు బెంచీలోంచి మా బావ లేచి చేతులు జోడించాడు. "ఆ ఖాళీ నా చేతి పనేనండీ."

అబద్ధం కాదు. నా బాధల్లా అదే. అయ్యగారు ఆయన్ని వేదిక మీదికి పిలిచి భుజం తట్టారు. ప్రసంగమంతా కంత మీదే. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు (మా అక్క అందరికంటే ఎక్కువగా). ఆరాధన అయ్యాక నన్ను బెంచీలు సర్దమన్నారు.

పండగయ్యాక ఇంటికి తెచ్చిన ఆ బొమ్మ ఇప్పటికీ అక్కావాళ్ళ ముందుగదిలోనే ఉంది. పాప్లిన్ పసుపెక్కింది, కాపరి వెలిసిపోయాడు, కానీ ఒక్క పేలిక ఊడలేదు. కుట్టు లేకుండా నిలిచింది చూశారా అని నేను గర్వపడుతూ వచ్చాను. మొన్న వెళ్ళేసరికి మా బావ స్టూలు ఎక్కి ఒక్కో గొర్రెకూ మెత్తటి గుడ్డతో దుమ్ము దులుపుతున్నాడు. ఒకదాని అంచు లేచి ఉంటే, చెంచా కాడతో లోపలికి దోపాడు. ఇన్నేళ్ళూ అవి ఎందుకు ఊడలేదో అప్పుడు తెలిసింది. గుమ్మంలోంచే చూసి, దగ్గుతూ లోపలికి వెళ్ళాను.

అయినా నా ప్రశ్న నాదే. బావగారూ, వచ్చే క్రిస్మస్‌కి ఆ అరిసె పక్కన పెట్టి, అందరూ వినేలా జవాబు చెప్పండి. తప్పిపోయిన గొర్రె మీదే, కాదనను. మరి తప్పిపోకుండా ఉన్నవి ఎవరివి?