కనకయ్య ఇచ్చిన డబ్బా

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అది చదువు వల్ల వచ్చింది కాదు, ధైర్యం వల్ల అంతకన్నా కాదు. కరీంనగర్‌లో మా గల్లీలో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పుట్టించినవాడికి వాటి కాళ్లు ఎటు తిరిగి ఉంటాయో తెలుసు కదా, ఇక భయమెందుకు?

దెయ్యాలే కాదు. బోథ్ నుంచి వచ్చే బస్సులో ఎలుగుబంటి ఎక్కిందని, టికెట్టు తీసుకుందని, సీటు దొరక్క నిర్మల్ దాకా నిలబడే వచ్చిందని కొండగట్టు అంజన్న మీద ఒట్టేసి చెప్పినవాణ్ణి నేను. చిల్లర లేదని కండక్టరు విసుక్కున్నాడని కూడా చెప్పాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మరని తెలుసు. అయినా చెబుతాను. నా జీవితంలో నేను కలపకుండా చెప్పే సంగతి ఇదొక్కటే.

తొంభయ్యో దశకం చివరి రోజులు. కోర్టుకు వెళ్లే దారిలో నాకో చిన్న దుకాణం ఉండేది. కోర్టు దరఖాస్తులు టైపు చేయడం, పెళ్లి కార్డులు తయారు చేయడం పని. ఒక్కటే కంప్యూటర్, అదీ ఎవరో వాడి అమ్మేసింది. ఇల్లు దాని మీదే గడిచేది.

వైశాఖంలో, ఏడిళ్ల పెళ్లి కార్డులు సగం సగం చేసి ఉండగా, అది ఆగిపోయింది. వెనక నుంచి కాలిన వాసన. విప్పి చూస్తే పవర్ సప్లై మాడిపోయింది. గోడలోని కరెంటును కంప్యూటర్ తట్టుకునేంతగా తగ్గించి ఇచ్చే ఇనుప డబ్బా అది. ఆ డబ్బా మారిస్తే తప్ప తెర వెలగదు. ఏడిళ్ల ముహూర్తాలు నా బల్ల మీద ఉన్నాయి.

నేరుగా కనకయ్య దగ్గరికి వెళ్లాను. కనకయ్యా నేనూ ఐటీఐలో ఒకే బెంచీ. వాళ్లది నేత పని చేసే ఇల్లు. నూలు కట్టను అరచేతిలో పెట్టుకుని తూకం చెప్పేవాడు వాళ్ల బాపు. కనకయ్య మగ్గం వదిలేసి గడియారం టవర్ దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు, తర్వాత కంప్యూటర్ సామాను కూడా తెచ్చి అమ్మేవాడు. కాని ఆ తూకం చూసే అలవాటు మాత్రం చేతిలో ఉండిపోయింది. బాపు నూలును చూసినట్టు ఇతడు పవర్ సప్లైలను చూసేవాడు. తేలికగా ఉంటే లోపల రాగి, ఇనుము తక్కువ వేసి మోసం చేశారని, బరువుగా ఉంటే మంచిదని అతడి లెక్క. నాకు నేర్పింది కూడా అతడే.

అప్పటికి కొత్త రకం కంప్యూటర్లు వస్తున్నాయి. వాటి డబ్బాలు నా పాతదానికి అతకవు. నాదానికి రెండు పట్టీలుగా వచ్చే తీగలు కావాలి, రెండు పట్టీల నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన ఉండేలా గుచ్చాలి. అలాంటివి కనకయ్య దగ్గర మూడే ఉన్నాయి. మూడింటినీ వరసగా పెట్టాడు.

"కండ్లు మూసుకొని పట్టు. నీ చెయ్యే చెప్తది," అన్నాడు.

పట్టుకున్నాను. మొదటిది తేలిక. రెండోది పరవాలేదు. మూడోది అరచేతిని కిందికి లాగింది. అదే తీసుకుంటానన్నాను.

"నువ్వే ఏరుకున్నవ్ మల్ల. నేను చెప్పలే," అన్నాడు కనకయ్య. అప్పుడు నవ్వుకున్నాను. ఎప్పుడూ తానే వచ్చి బిగించేవాడు. ఆ రోజు మాత్రం, "నీకస్తది గదా, నువ్వే పెట్టుకో," అని చాయ్ తాగించి పంపాడు.

నేనే బిగించాను. నల్ల తీగలు మధ్యలోకి వచ్చేలా చూసి గుచ్చాను. స్విచ్చి వేశాను. తెర వెలిగింది. ఏడిళ్ల కార్డులూ ముహూర్తాలకు ముందే చేరాయి.

తర్వాత ఐదు నెలలు అది నడిచింది. కరెంటు పోతే ఆగేది, వస్తే లేచేది, అందులో వింతేమీ లేదు. వింత ఒక్కటే. అది వేడెక్కేది కాదు. ఎండాకాలం మా దుకాణం రేకుల కింద కుర్చీ కూడా కాలేది. ఆ డబ్బా ఉన్న మూల మాత్రం కొత్త కుండలా చల్లగా ఉండేది. నా భార్య లలిత మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు మల్లెపూల పొట్లం అక్కడ పెట్టేది. సాయంత్రం దాకా వాడేవి కావు. చప్పుడు కూడా లేదు. లోపలి ఫ్యాను తిరుగుతోందా లేదా అని నేను వంగి చూడలేదు, దాని వెనక గోడ ఉంది. చూడవలసింది. ఒప్పుకుంటాను.

ఆ ఐదు నెలల్లో కనకయ్య ఒక్కసారి కూడా దుకాణానికి రాలేదు. శ్రావణంలో వాళ్ల అక్క బిడ్డ పెళ్లి కార్డులు నేనే చేశాను, వాటి కోసం కూడా బావను పంపాడు. పనిలో ఉన్నాడనుకున్నాను.

దసరా ముందు రోజు, పూజకని కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి, విప్పి దుమ్ము దులుపుతున్నాను. అంతకు ముందు రోజే దాని మీద దరఖాస్తులు టైపు చేశాను. డబ్బా బయటికి తీస్తే లోపల ఏదో దొర్లింది. నాలుగు మరలు తీసి మూత ఎత్తాను.

లోపల పాత పేపర్లో చుట్టిన సిమెంటు ముద్ద ఉంది. అంతే. బయటికి వచ్చే తీగలన్నీ లోపల ఒక ముడిగా కట్టి టేపు అంటించారు. గోడ నుంచి కరెంటు వచ్చే చోటు వెనకాల ఒక్క తీగ లేదు. ఫ్యానుకు రెక్కలున్నాయి, తీగ లేదు.

లలితను పిలిచి చూపించాను. తర్వాత అంతా ఎలా ఉందో అలాగే మూసి, బిగించి, స్విచ్చి వేశాను. తెర వెలగలేదు. మళ్లీ ఎప్పుడూ వెలగలేదు.

డబ్బా సంచిలో వేసుకుని కనకయ్య దగ్గరికి వెళ్లి, మూత తీసి బల్ల మీద పెట్టాను. అతడు ఉలిక్కిపడలేదు.

"ఇయ్యాల తెచ్చినవా? మర్నాడే తెస్తవనుకున్న," అన్నాడు.

"అంటే నీకు ఎర్కేనా?"

"ఎర్కే. హైదరాబాదుల ఎవడో నాకు అంటగట్టిండు. మల్ల వోతె వాడు దొర్కలే. ఎవలకన్న ఇయ్యాలె గదా."

"ఎవలకన్న అంటె నాకార?"

అతడు చేతిలోని రేడియో మీంచి తలెత్తలేదు. "ఇంకొకలకిస్తె బజార్ల లొల్లి జేస్తరు, నా ఇజ్జత్ పోతది. నువ్వు చెప్తె ఎవలు నమ్ముతరు తిరుపతీ? ఎలుగుబంటి ముచ్చట లెక్క ఇదొకటనుకుంటరు."

ఇరవై ఏళ్ల స్నేహం. నేను ఎలాంటివాణ్ణో అందరికంటే బాగా తెలిసినవాడు. నా కోతలకు ముందుగా పడీ పడీ నవ్వింది కూడా అతడే. ఆ నవ్వునంతా దాచిపెట్టుకుని, అవసరం వచ్చిన రోజు నా మీదే వాడాడు. తిట్టాలనుకున్నాను, కాని నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"కనకయ్యా, అది నడిసింది. ఐదు నెలలు నడిసింది."

అప్పుడు తలెత్తాడు. ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వాడు. "సూడు! గిందుకే నీకిచ్చిన!"

"అంజన్న మీద ఒట్టు."

"ఎలుగుబంటికి గూడ గాయన మీదనే ఒట్టేసినవ్."

సాక్ష్యానికని తెచ్చుకున్న వాళ్ల అక్క బిడ్డ పెళ్లి కార్డును జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. శ్రావణంలో దాని మీదే చేశానన్నాను. కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకో డబ్బా కొనుక్కున్నవ్, నాకు చెప్పలే. ఇప్పుడొచ్చి నన్ను పరేషాన్ జేస్తున్నవ్. పో, పండుగ పని సూసుకో."

ఇంటికి వచ్చి లలితతో చెప్పాను. ఆమె చేతులారా ఆ మూల మల్లెలు పెట్టిన మనిషి. ఆ డబ్బాలో సిమెంటు ముద్దను కళ్లారా చూసిన మనిషి. "నేను వంటింట్ల ఉన్నప్పుడు లోపలిదంత తీసి నువ్వే పెట్టినవ్. నన్ను నవ్వియ్యనీకె," అంది. నవ్వలేదు. పూలు ఎందుకు వాడలేదని అడిగితే మాత్రం పొయ్యి వైపు తిరిగింది.

కార్డులు తీసుకున్నవాళ్లను కూడా అడిగాను. కంప్యూటర్ నడిచిందని అందరూ అంటారు. డబ్బా ఖాళీ అంటే నవ్వుతారు. కనకయ్యకు డబ్బా ఖాళీ అని తెలుసు, నడిచిందంటే నవ్వుతాడు. రెండూ కలిపి నమ్మినవాడు ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే మిగిలాను. నన్నే ఎవరూ నమ్మరు.

దసరా సాయంత్రం, అందరూ జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్న వేళ కనకయ్య మా ఇంటికి వచ్చాడు. ఏటా మొదట మా ఇంటికే వస్తాడు. చేతిలో ఆకు పెట్టి కౌగిలించుకున్నాడు. కాని వదల్లేదు. చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు తిరుపతీ. నడిసిందా?"

వెనక్కి జరిగి మొహం చూశాను. కళ్ల కింద నలుపు తిరిగి ఉంది. రాత్రంతా అతణ్ణి ఏదో తిన్నట్టుంది. నమ్మడానికి సిద్ధపడి వచ్చాడు. నిన్నటి నుంచి నేను ఒక్క మనిషి కోసం వెతుకుతున్నాను, ఆ మనిషి ఇదిగో గుమ్మంలో నిలబడ్డాడు.

"నడవలే," అన్నాను. "ఇంకో డబ్బా కొనుక్కున్న. ఉత్తగనే నిన్ను ఆడిపిచ్చిన."

అతడి భుజాలు దిగిపోయాయి. ఊపిరి వదిలి నవ్వాడు. "నాకెర్కే," అన్నాడు. నా నోటి నుంచి వచ్చినదాంట్లో అతడు మారు మాట లేకుండా నమ్మింది అదొక్కటే.

అలా ఎందుకన్నానో నాకే సరిగ్గా తెలియదు. జాలి మాత్రం కాదు. నా నిజం అతడి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వేరే దుకాణంలో ఇంకో పవర్ సప్లై కొన్నాను. అది రొద చేసేది, కాలేది. లలిత అలవాటు కొద్దీ మొదటి రోజు పూలపొట్లం దాని మీద పెట్టింది. అన్నం తినేలోపే మల్లెలు నల్లబడ్డాయి. పొట్లం తీసి ఒడిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా కూర్చుంది.

ఐదు నెలలు ఆ తీగల్లోకి కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లను అడిగాను, జరగదన్నారు. జరగదని నాకూ తెలుసు. సిమెంటు ముద్ద ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను. ఎవరైనా అదేమిటని అడిగితే, ఎలుగుబంటి కథ చెబుతాను.