తొట్టికి అటువైపు

ఆ వీధిలో అందరూ ఆమెను పిడికిలమ్మ అంటారు. కోపిష్టి అని కాదు. రొట్టెల బట్టీలో సగం జీవితం పిండి పిసికిన చేతులు ఆమెవి. ఎంత చాపినా వేళ్లు కొంచెం ముడుచుకునే ఉంటాయి. ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని పలకరిస్తే వాళ్లు తర్వాత ఆ చెయ్యి దులుపుకోవాల్సిందే.

రేడియో వాళ్లు వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. దేశం స్వతంత్రమైన నాటి పాటల్ని వాళ్లు ఊరూరా తిరిగి రికార్డు చేస్తున్నారు. కోట యుద్ధం పాట ఈ బట్టీలో ఇంకా బతికి ఉందని ఎవరో చెప్పారట. ఫోను ఆమే ఎత్తింది.

"పాట మొత్తం వచ్చా అమ్మా మీకు?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"మొత్తమా? నిద్రలో లేపి అడిగినా పాడతాను."

అబద్ధం ఆడలేదు. నమ్మే చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం రేడియో అమ్మాయి వచ్చింది. రొట్టెలమ్మే బల్ల మీద మైకు పెట్టింది. పిడికిలమ్మ భర్త పిండి కలిపే యంత్రాన్ని ఆపేశాడు. రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మానేసి గోడ వారగా నిలబడ్డారు. పిడికిలమ్మ కొంగు బిగించి గొంతెత్తింది.

"కొండ దిగి వచ్చింది మన పటాలం!"

ఆగింది. ఊపిరి పీల్చింది.

"తెల్లారేసరికి వంతెన మనదైంది!"

మళ్లీ ఆగింది. మళ్లీ పాడింది. ఒక్కో చరణానికీ కిటికీ అద్దాలు అదిరాయి. యుద్ధం పరుగులు తీసింది. కోట తలుపు తెరుచుకుంది, జెండా లోపలికి నడిచింది. జనం చప్పట్లు కొట్టారు.

రేడియో అమ్మాయి మాత్రం చెవులకు పెట్టుకున్నవి తియ్యలేదు.

"మధ్యమధ్యలో ఆగుతున్నారు కదమ్మా. అక్కడేముంటుంది?"

"అక్కడ అక్క పాడుతుంది," అంది పిడికిలమ్మ మామూలుగా.

అన్నాక విషయం ఆమెకే తెలిసింది. పిండి బస్తా మీద కూలబడింది.

"సగం పాటకి ఊరంతా టముకు వేశావటే!" అన్నాడు భర్త.

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఉదయమే అత్తగారు తొట్టి దగ్గర నిలబెట్టింది. పిండి పిసికే ఆ చెక్క తొట్టి మనిషి పొడవుంటుంది. ఇటు ఒకరు, అటు ఒకరు. అటువైపు పెద్ద తోడికోడలు, ఆమె అక్క అని పిలిచే మనిషి. ఇటువైపు మనిషి ఒక చరణం పాడుతూ పిండిని నొక్కాలి. అటువైపు మనిషి బదులు పాడేటప్పుడు ఇటు మనిషి ముద్దను పైకెత్తి తొట్టికేసి కొట్టాలి. చేతులు తడబడకుండా ఉండటానికే పాట. అత్తగారు ఎవరి చరణాలు వాళ్లకే నేర్పింది. అవతలివి అడగడానికి ఎవరికీ ఊపిరి ఉండేది కాదు.

తర్వాత యంత్రం వచ్చింది. అది వచ్చిన రోజు పిడికిలమ్మ చప్పట్లు కొట్టింది. పెద్ద తోడికోడలు పిండి అంటకుండా కట్టుకునే తన ముందుగుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. తొట్టిని బండి మీద వేయించుకుని, రెండు వీధుల అవతల కూతురి కుట్టు దుకాణానికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి మాటల్లేవు. అత్తగారు పోయింది. పాట ఇప్పుడు ఇద్దరి నోళ్లలోనే ఉంది.

"సాయంత్రం మా బండి వెళ్లిపోతుందమ్మా," అంది రేడియో అమ్మాయి. "సగం పాట వెయ్యనివ్వరు మావాళ్లు. ఈ జాబితాలో మళ్లీ ఈ ఊరు లేదు."

పిడికిలమ్మ లేచింది. చెప్పులు తొడుక్కుందో లేదో ఆమెకే తెలియదు. రేడియో అమ్మాయి సంచీ భుజాన వేసుకుని వెనకాలే పరుగు పెట్టింది.

అక్క కిటికీ పక్కన కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. తలెత్తలేదు.

"కొలతలివ్వాలంటే మా అమ్మాయి లోపలుంది."

"కొలతలకి రాలేదక్కా. పాటకి వచ్చాను."

"ఏం, మీ యంత్రం పాడదా?"

"పాడదు. గురక పెడుతుంది."

అక్క పెదవి కదిలింది. వెంటనే బిగించుకుంది.

"చప్పట్లు కొట్టావు నువ్వు."

"కొట్టాను. అప్పటికి నా కుడి భుజం పడిపోయింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. ఇక ముద్ద ఎత్తక్కర్లేదని కొట్టాను."

సూది ఆగింది.

"నాతో చెప్పలేదేం?"

"చెబితే నా వంతు కూడా నువ్వే పిసికేదానివి. నీ నడుం సంగతి నాకు తెలీదా?"

అక్క దారాన్ని పళ్లతో కొరికి తెంపింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చు కదటే!" అని చొక్కా పక్కకు విసిరింది. "పిండి తెచ్చావా?"

"పిండి దేనికి?"

"ఉత్తి నోటికి వస్తుందా నాకు? చెయ్యి ఆడితేనే పాట."

తొట్టి పెరట్లో ఉంది. దాని నిండా కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు. ముగ్గురూ కలిసి వాటిని నేల మీద కుమ్మరించారు. వేణ్ణీళ్లతో కడిగారు. పిడికిలమ్మ భర్త కబురందుకుని పిండి బస్తా మోసుకుని రొప్పుతూ వచ్చాడు. వదినగారిని చూసి ఏం మాట్లాడాలో తోచక, "నీళ్లు ఎక్కువ పోయకండి," అన్నాడు.

"మాకు నేర్పొచ్చావా నాయనా?" అంది ఆమె. అతను హాయిగా నవ్వాడు.

మైకును కిటికీ చువ్వకు వేలాడదీశారు. తోడికోడళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"కొండ దిగి వచ్చింది మన పటాలం!"

"దిగనివాళ్ల చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి."

"తెల్లారేసరికి వంతెన మనదైంది!"

"వంతెన కింద నీళ్లు మూడు దినాలు ఎవరూ ముట్టలేదు."

రేడియో అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. పిడికిలమ్మ భుజం ఎంతవరకు లేస్తే అంతవరకే ముద్దను ఎత్తుతోంది. తొట్టి మీద చప్పుడు మునుపటంత లేదు. అవతలి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"కోట తలుపు తెరుచుకుంది, జెండా లోపలికి నడిచింది!"

"రొట్టెల తట్ట దింపి గడియ తీసిన పిల్ల బయటికి రాలేదు."

పిడికిలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నావు?"

"ఎప్పుడూ అనేదే."

"నేనెప్పుడూ వినలేదక్కా."

"ఎలా వింటావు? నేను నోరు తెరిచేసరికి నువ్వు ముద్దెత్తి దభీమని కొట్టేదానివి."

"ఫిరంగులతో తలుపు పగలగొట్టారని మేం చదువుకున్నాం," అంది రేడియో అమ్మాయి.

"ఫిరంగులూ పేలే ఉంటాయమ్మా. అక్కడ నేను లేను. గడియ తీసింది పిల్ల అని పాటలో ఉంది, అంతే," అంది అక్క.

"రొట్టెల తట్టంటే, ఆ పిల్ల మన బట్టీదా?" అన్నాడు పిడికిలమ్మ భర్త.

"ఏ బట్టీదో! ఎవరైనా బట్టీ పిల్లే కదా!" పిడికిలమ్మ దాదాపు అరిచింది. ముఖమంతా పిండి, కళ్లలో వెలుగు. "అందుకా ఈ పాటను అత్తమ్మ మనకి నేర్పింది! అందుకా తొట్టి దగ్గర తప్ప ఎక్కడా పాడనిచ్చేది కాదు! అక్కా, నేనిన్నాళ్లూ గెలిచామనే పాడాను. ఎవరు గెలిపించారో తొట్టికి అటువైపే ఉండిపోయింది."

రేడియో అమ్మాయి మైకు తీగ సరిచేసింది.

"ఇంకొక్కసారి పాడతారా? చివరి చరణమైనా చాలు."

పిడికిలమ్మ తొట్టి చుట్టూ తిరిగి అవతలికి వచ్చింది.

"అక్కా, నువ్వటు వెళ్లు. ఈసారి ఆ ముక్క నేను పాడతాను."

"నీ చరణాలు నాకొచ్చా?"

"రాకపోవడమేం? వీధి చివరిదాకా వినబడేవిగా."

అక్క నవ్వుతూ ఇటువైపుకు వచ్చింది. గొంతు సవరించుకుని, చిన్నపిల్ల పందెంలో గెలిచి అరిచినట్టు ఎత్తుకుంది. కోట తలుపు తెరుచుకుంది. జెండా లోపలికి నడిచింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

"ఓసి నీ దుంపతెగ! కమ్మటి ముక్కలన్నీ ఇన్నేళ్లూ నువ్వే కొట్టేశావటే!" అంది అక్క రొప్పుతూ.

ఇక ముద్ద ఎత్తడం ఆమె వంతు. ఎత్తింది. తొట్టికేసి కొట్టలేదు. పిండి మోచేతుల మీదుగా జారుతున్నా, తలపైనే పట్టుకుని నిలబడింది.

ఆ నిశ్శబ్దంలో పిడికిలమ్మ, గడియ తీసిన పిల్ల గురించి పాడింది.