నెక్కొండ వేట: అర కొలత ఎక్కువైన తుపాకి మందు

మల్లయ్య మామ కార్డు ముక్క రాయడమే గొప్ప. అలాంటిది "ఖాసిం బిడ్డ జమీల కడుపుతోటున్నది, దుప్పి కూర మీద మనసైందట, ఐతారం రా" అని రాస్తే ఆగుతానా? డెబ్బైల మొదట్లో మాట ఇది; వేటకు ఇంకా లైసెన్సులిచ్చేవారు. వరంగల్లులో ఆరింటి ప్యాసింజరెక్కి, రూపాయిలోపు టికెట్టుతో ఏడింటికల్లా నెక్కొండలో దిగాను. అక్కడి నుంచి అడవి అంచుకు మామ ఎడ్లబండి మీద రెండు గంటలు.

బండిలో జమీల తండ్రి ఖాసిం చాచా కూడా ఉన్నాడు. మామకు ముప్పై ఏళ్ళ స్నేహితుడు. చూపు తగ్గి తుపాకి పట్టడం మానేశాడు గానీ, సీసం కరిగించి గుండ్లు పోసేది ఇప్పటికీ ఆయనే. వాళ్ళది భర్మార్ తుపాకి. గొట్టం మూతి నుంచే మందు, గుండు వేసి ఇనుప కమ్మీతో దట్టించాలి. ఒక్కసారే పేలుతుంది.

అడవి అంచున బండి ఆపి, చాచా చిన్న వెదురు గొట్టంతో మందు కొలిచి పోశాడు. "ఒక్క కొలత చాలు మల్లన్నా. గుండు ఎముకకు తగిలి లోపల్నే చదునైతది. దుప్పి కూలవడ్తది, పానముంటది. ఎక్కువేస్తివా, ఇటు నుంచి అటు పోతది." ప్రాణముండగా బిస్మిల్లా అని కత్తి పెడితేనే వాళ్ళింట్లో తింటారు. అందుకే ఆయన నడుముకు కత్తి.

చాచా అటు తిరిగి ఎడ్లకు నీళ్ళు పెడుతుంటే, మామ ఇంకో అర కొలత పోసేశాడు.

"మామా, అదేంది?"

"ఊకో అల్లుడా! గురి జర అటిటైనా వడాలె. బిడ్డ ఎదురుచూస్తాంది."

నేను నోరు మూసుకున్నాను.

పదింటికి వాగు ఒడ్డున దుప్పి కనిపించింది. మామ పేల్చాడు. గుండు డొక్కలోంచి దూసుకుపోయింది. దుప్పి పడకుండా పొదల్లోకి ఉరికింది. నెత్తురు జాడ పట్టుకొని పరుగెత్తాను. రెండొందల అడుగుల అవతల పడి ఉంది, ఊపిరి ఆడుతోంది. "చాచా, జల్ది!" అని అరిచాను. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మామ చెయ్యి పట్టుకొని కుంటుకుంటూ వచ్చేలోపు, నా అరచేతి కిందే ఆ ఊపిరి ఆగిపోయింది.

"పానమున్నదా బిడ్డా?" చాచా కత్తి తీశాడు. ఆయనకు చూపు ఆనదు, నా మాటే నమ్ముతాడు. వెనక నుంచి మామ ఉందని చెప్పమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఉందంటే అయిపోయేది, అయ్యో!

"లేదు చాచా. ఇప్పుడే పోయింది."

ఆయన కత్తి లోపల పెట్టుకున్నాడు. "పోనీ, ఫికర్ చెయ్యకు. మీరు తీస్కపోయి తినుండ్రి."

మామ నేల మీద కూలబడ్డాడు. "నేనే అర కొలత ఎక్కువ పోసిన ఖాసిం. జమీల తిననిది నా నోట్లెకెట్ల దిగుతది?" దుప్పిని దగ్గరి గూడెం వాళ్ళకు ఇచ్చేశాడు. సాయంత్రం జమీల ముందు తలొంచుకొని నిలబడ్డాడు.

"దుప్పి లేకపోతే బువ్వ తినమా మామా? కోడికూర వండిన, కూసో" అని ఆ పిల్ల పీట వేసింది.

తర్వాత వేటను నిషేధించారు, మంచిదే. అబద్ధం చెప్పనందుకు నాకు గర్వమేమీ లేదు. మామ మందు పోస్తుంటే చాచాకు చెప్పనందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గే. దుప్పుల్ని చూడాలని మీరు అటు వెళ్తే పొద్దుటి రైలే ఎక్కండి, ఎండ ముదిరితే అవి కనిపించవు. పెద్దవాళ్ళు తోడుంటే వాళ్ళను వదిలి ముందుకు ఉరక్కండి. ఆ రోజు నేను దుప్పి వెంట ఒక్కణ్ణే పరుగెత్తాను. చాచాను వీపున వేసుకొని పరుగెత్తాల్సింది.