ఊ కొట్టేవాడు

మా ఊళ్ళో ఒగ్గుకథ చెబుతుంటే ఒక్కనాడూ కుదురుగా కూర్చుని వినలేదు నేను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, అదే తీరు. ఆ కథ పిచ్చి నాకు పట్టింది ఖతార్‌లో, బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో, మెస్ షెడ్డు వెనక.

అక్కడ శుక్రవారం సెలవునాడు ముగ్గురు కథకు కూర్చునేవాళ్ళు. కథ చెప్పే అన్న వారమంతా గోడలకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రి. కథ వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఒకడు ఖాళీ పెయింటు డబ్బాను డోలు చేసుకున్నాడు. ఇంకొకడు రెండు గిన్నె మూతలతో తాళం వేసేవాడు. నాకు పాట రాదు, తాళం అసలే రాదు. అందుకని ఊ కొట్టే పని అప్పజెప్పారు.

"ఊ కొట్టేటోడు లేకుంటె కథ ముందలికి పోదు తమ్మీ. గదే పెద్ద పని" అన్నాడు అన్న. నన్ను ఊరడించడానికే అన్నాడనుకున్నాను. డ్యూటీలో నాతో పద పదమని తొందరపెట్టే "యల్లా" తప్ప ఇంకో మాట మాట్లాడేవాళ్ళు లేరు. శుక్రవారం సాయంత్రాల్లోనే నా నోటితో ఎవరికైనా అవసరం పడేది.

కథ ఒకటే, కానీ ఏ వారానికావారం వేరు. కథలో చెల్లెల్ని అత్తారింటికి పంపే అప్పగింత ఘట్టం ఒకసారి చాయ్ చల్లారేలోగా అయిపోయేది, ఒకసారి డబ్బా ఎటు లాగితే అటు సాగేది. ఏది గొప్పదని మూతలవాడూ నేనూ మెస్ లైనులో కొట్లాడుకునేవాళ్ళం. వాడికి వాన కురిసిన శుక్రవారం ఇష్టం. వాడికేం తెలుసు. దుమ్ము లేచిన రోజుదే గొప్ప కథ.

ఆ రోజు రూములో, మంచాల మధ్య కూర్చున్నాం. కథలో చెల్లెలి మూటలో మా మేస్త్రి అన్న అత్తరు సీసా పెట్టాడు, పాలపొడి డబ్బా పెట్టాడు, మేం ఊరికి మోసుకెళ్ళే పూల దుప్పటి పెట్టాడు. అందరం నవ్వాం. పిల్ల గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది. అంతలో మసీదులో బాంగు మొదలైంది.

బాంగు వినబడితే అన్న ఎక్కడి మాట అక్కడ ఆపేసేవాడు. అది అయ్యాక కూడా తనంతట తాను అందుకోడు, నా వైపు చూస్తాడు. నేను ఊ అనాలి. ఆ రోజు నేను వెంటనే అనలేకపోయాను. అందరూ ఆగారు. చివరికి ఏడుపులాంటి ఊ ఒకటి బయటికొచ్చింది. అన్న అదే శ్రుతిలో అందుకున్నాడు. అలాంటి కథ మళ్ళీ వినలేదు.

దాన్ని రికార్డు చేశాను, ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని. తర్వాత వింటే అంతా నా ఊ, ఊ. కథేమో పక్కింట్లో ఎవరో చెబుతున్నట్టుంది. "మళ్ళా పాలి మంచం మీద పెట్టు" అని నవ్వాడు డబ్బావాడు.

ఆ పాలి రాలేదు. సైటు పని అయిపోయింది. డబ్బావాణ్ణి అల్ రువైస్ సైటుకు పంపారు, మూతలవాడు కంపెనీ మారాడు. అన్న మోకాళ్ళ నొప్పులతో వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయాడు. నేనొక్కణ్ణే మిగిలాను. శుక్రవారం వస్తే నా ఊ నేనే వింటూ పడుకుంటాను. దిక్కుమాలిన ఒంటరితనం, దానికి వేరే పేరెందుకు.

మొన్న అన్న ఫోన్ చేశాడు.

"ఇంట్ల కథ చెప్తె ఎవ్వలు ఊ కొడ్తలేరు తమ్మీ. అడవిగాచిన ఎన్నెలైంది. ఆ రికార్డు పంపు."

"దాంట్ల నీ కథ ఇనబడదే అన్నా. నా ఊ ఒక్కటే ఇనబడ్తది."

"గదే పంపు. కథ నాకు వస్తది గద."

"ఆగు, ఇప్పుడే చెప్త" అని అన్న ఫోన్‌లోనే అప్పగింత ఎత్తుకున్నాడు. షెడ్డు వెనక నిలబడి ఊ కొట్టాను. పిల్ల గడప దాకా వచ్చింది. ఇక్కడ బాంగు మొదలైంది. అన్నకూ వినబడినట్టుంది, ఆగిపోయాడు.

బాంగు అయ్యాక ఊ అన్నాను. అటు నుంచి ఏమీ లేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. మళ్ళీ అన్నాను.

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూస్తే కాల్ ఎప్పుడో కట్టయి ఉంది.